నాయనకు కడుపులో పుండు నుంచి రక్తం పోయింది, స్కోరు 16 అన్నారు. బతుకుతాడా?

చండూరు దగ్గరి పల్లె నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల నాయనకు 62 ఏళ్లు, బత్తాయి తోట రైతు. మోకాళ్ల నొప్పులకు నాలుగేళ్లుగా నొప్పి గోలీలు వాడుతున్నారు. మొన్న రాత్రి తారులాంటి నల్లటి విరేచనాలై, కళ్లు తిరిగి పడిపోతే నల్లగొండలో ఆస్పత్రికి తెచ్చారు. వచ్చినప్పుడు పల్స్ 112, పై బీపీ 96, హిమోగ్లోబిన్ 7.8, బ్లడ్ యూరియా 84, క్రియాటినిన్ 1.1. ఆల్బుమిన్ (రక్తంలో ఉండే ఒక మాంసకృత్తి) 3.4, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చూసే పరీక్ష) 1.1. మాట స్పష్టంగానే ఉంది. గుండె జబ్బు, లివర్ జబ్బు లేవు. తెల్లారి ఎండోస్కోపీ చేస్తే పుండులో రక్తనాళం పైకి తేలి కనిపించింది. సూది మందు వేసి క్లిప్పు పెట్టారు. డ్యూటీ డాక్టర్ ‘స్కోరు 16, సీరియస్’ అన్నారు. బంధువొకరు ఫోన్‌లో ఇంకో స్కోరు లెక్కేసి నూటికి 17 మంది చనిపోతారని చెప్పారు. పెద్ద డాక్టర్ ‘72 గంటలు చూద్దాం’ అంటున్నారు. నాయన బతుకుతాడా లేదా సూటిగా చెప్పమని అడిగారు.

సూటిగానే చెప్తాను. మీరు రాసిన అంకెలను బట్టి చూస్తే మీ నాయన బతికే అవకాశం చాలా ఎక్కువ. మళ్లీ రక్తం కారే ప్రమాదం మాత్రం ఇంకా పోలేదు. పెద్ద డాక్టర్ 72 గంటలు అంటున్నది దాని గురించే.

నేను జనరల్ మెడిసిన్ డాక్టర్‌ని. ఇరవై ఏళ్లకు పైగా నల్లగొండ, పాలమూరు వార్డుల్లో ఇలాంటి కేసులు చూస్తున్నాను. రాత్రిపూట ఐసీయూ బయట బెంచీ మీద కూర్చున్న కొడుకులు, బిడ్డలు అందరూ అడిగేది ఒకటే ప్రశ్న, బతుకుతాడా అని. మేము మనసులో వేసుకునే ప్రశ్నలు మాత్రం మూడు. ఈ మనిషికి రక్తం, ఎండోస్కోపీ లాంటి చికిత్స అవసరమా? ఆగిన రక్తం మళ్లీ మొదలవుతుందా? ప్రాణానికి ముప్పు ఉందా? ఒక్కో ప్రశ్నకు ఒక్కో కొలత ఉంది. మీకు ముగ్గురు చెప్పిన మాటలు మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. అన్నిటినీ మీరు ఒకే ప్రశ్నకు జవాబుగా విన్నారు. టెన్షన్ అక్కడే మొదలైంది.

ముందు 16 సంగతి. ఇది గ్లాస్గో బ్లాచ్‌ఫర్డ్ స్కోరు. స్కాట్లాండ్‌లోని గ్లాస్గో డాక్టర్లు తయారు చేశారు, 2000లో అచ్చయింది. ఎండోస్కోపీ లేకుండానే, పేషెంటు గడప దాటి లోపలికి రాగానే లెక్కేయవచ్చు. మీ నాయనకు ఎలా వచ్చిందో చూడండి. హిమోగ్లోబిన్ 10 కన్నా తక్కువ కాబట్టి 6. యూరియాకు 4. పై బీపీ 90కి, 99కి మధ్య ఉంది కాబట్టి 2. పల్స్ 100 దాటినందుకు 1. నల్ల విరేచనానికి 1. కళ్లు తిరిగి పడిపోయినందుకు 2. మొత్తం 16. గుండె, లివర్ బాగానే ఉన్నాయి కాబట్టి వాటికి ఏమీ కలపలేదు. గరిష్ఠం 23.

ఈ స్కోరు పుట్టింది ఎవరిని ఆస్పత్రిలో పెట్టుకోవాలి, ఎవరిని ఇంటికి పంపవచ్చు అని తేల్చడానికి. సున్నా, ఒకటి వచ్చినవాళ్లను ఇంటికి పంపి, తర్వాత తీరిగ్గా ఎండోస్కోపీ చేయించుకోమనవచ్చు. ఆ పనికి ఇంత నమ్మకమైన కొలత ఇంకొకటి లేదని నా అభిప్రాయం. 16 అంటే ‘ఈయనకు రక్తం, ఎండోస్కోపీ తప్పకుండా కావాలి, జాగు చేయొద్దు’ అని అర్థం. ఆ రెండూ అయ్యాయి కదా. అంటే 16 చెప్పాల్సిన మాట చెప్పేసింది, దాని పని అయిపోయింది. ఇక దాన్ని పట్టుకుని కుమిలిపోవద్దు.

ఇక్కడ ఒక పొరపాటు గురించి చెప్పాలి, మన దగ్గర తరచుగా జరుగుతుంది. స్కోరు లెక్కించే యాప్‌లు చాలావరకు బీయూఎన్ అనే అంకె అడుగుతాయి, అంటే యూరియాలోని నత్రజని లెక్క. మన ల్యాబులు ఇచ్చేది బ్లడ్ యూరియా. రెండూ ఒకటి కాదు. యూరియాను 2.14తో భాగిస్తే బీయూఎన్ వస్తుంది. మీ నాయన 84ను భాగిస్తే సుమారు 39, దానికి 4 పాయింట్లు. 84నే నేరుగా కొడితే 6 పాయింట్లు పడి స్కోరు 18 అవుతుంది. తక్కువ జబ్బుతో వచ్చినవాళ్ల దగ్గర ఈ తేడా ఇంకా ఇబ్బంది పెడుతుంది. యూరియా 36 ఉన్న మనిషికి అసలు పాయింటే పడకూడదు, అదే అంకెను బీయూఎన్ అనుకుంటే 4 పడతాయి. ఇంటికి వెళ్లాల్సిన మనిషి మంచం ఎక్కుతాడు.

యూరియా 84 చూసి కిడ్నీలు పోయాయేమోనని కూడా భయపడ్డారు. క్రియాటినిన్ 1.1 ఉంది, అది బాగానే ఉన్నట్టు. కడుపులోకి కారిన రక్తం పేగుల్లో మాంసకృత్తుల్లాగే అరుగుతుంది, అలా అరిగిన దాన్నుంచి లివర్ యూరియా తయారు చేస్తుంది. పైగా ఒంట్లో రక్తం తగ్గి కిడ్నీలకు సరిగా అందదు. అందుకే క్రియాటినిన్ మామూలుగా ఉండి యూరియా ఒక్కటే పెరిగితే, రక్తం కడుపులోనో చిన్నపేగు మొదట్లోనో పోతోందని మాకు అనుమానం బలపడుతుంది.

హిమోగ్లోబిన్ గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇళ్లలో అందరూ పట్టుకుని కూర్చునేది ఆ అంకెనే. ‘నిన్న 7.8 ఉంది, ఇవాళ 7.1 అయింది, మళ్లీ పోతోందా?’ అని అడిగారు మీరు. చిక్కటి మజ్జిగ కుండ సగం ఒలికిపోయిందనుకోండి. మిగిలిన సగం అంతే చిక్కగా ఉంటుంది. నీళ్లు పోసినప్పుడే పలచబడుతుంది. రక్తం పోయినప్పుడు కూడా అంతే. మొదటి గంటల్లో ఎంత పోయినా హిమోగ్లోబిన్ పెద్దగా మారదు. తర్వాత ఒంట్లోని నీరు రక్తంలోకి చేరి, మనం సెలైన్ ఎక్కించి, ఒకటి రెండు రోజుల్లో అది దిగుతుంది. పల్స్, బీపీ నిలకడగా ఉండి హిమోగ్లోబిన్ మాత్రమే కాస్త దిగితే చాలాసార్లు అది మొన్న పోయిన రక్తం లెక్కే. అదే విధంగా, వచ్చిన మొదటి గంటలో 12 ఉందని ధైర్యపడి ఇంటికి తీసుకెళ్లినవాళ్లు తెల్లవారుజామున పరుగెత్తుకుంటూ తిరిగి రావడం నేను చూశాను.

ఫోన్‌లో మీ బంధువు చూసింది రాకాల్ స్కోరు. వయసు 60 దాటింది 1, బీపీ 100 కన్నా తక్కువ 2, పుండు 1, రక్తనాళం కనిపించింది 2, మొత్తం 6. ఆ 6కి పక్కన 17 శాతం అని ఉన్న మాట నిజమే. కానీ అది 1996లో అచ్చయింది, ఇంగ్లండ్‌లో అంతకుముందు సేకరించిన లెక్క. అప్పటికి క్లిప్పులు, పెద్ద డోసు ఆమ్లం తగ్గించే మందులు ఇప్పటిలా అందరికీ అందలేదు. ఇప్పుడు చూస్తే అది ముప్పును ఎక్కువ చేసి చూపిస్తుంది. మీ బంధువు తప్పు చెప్పలేదు, పాత లెక్క చెప్పారు.

ప్రాణాపాయం ఒక్కటే అంచనా వేయడానికి నేను ఎక్కువగా చూసేది ఎయిమ్స్65 అనే స్కోరు, 2011లో వచ్చింది. పేరు చూసి ఢిల్లీ ఎయిమ్స్ అనుకోవద్దు, ఇది అమెరికా డాక్టర్లది, అందులోని నాలుగు విషయాల ఇంగ్లిష్ మొదటి అక్షరాలకు వయసు అంకె 65 కలిపి పెట్టిన పేరు. ఆల్బుమిన్ 3 కన్నా తక్కువా, ఐఎన్ఆర్ 1.5 దాటిందా, మనిషి అయోమయంగా ఉన్నాడా, పై బీపీ 90 లేదా అంతకన్నా తక్కువా, వయసు 65 లేదా అంతకు పైనా. ఒక్కో ‘అవును’కు ఒక పాయింటు. మీ నాయనకు ఐదింటికీ ‘కాదు’. స్కోరు సున్నా. ఆ పరిశోధనలో సున్నా వచ్చినవాళ్లలో ఆస్పత్రిలో చనిపోయింది 0.3 శాతం. ఐదుకు ఐదు వచ్చినవాళ్లలో 24.5 శాతం. ఆ శాతాలు అక్కడి ఆస్పత్రులవి, మన వార్డులో అచ్చం అలాగే ఉంటాయని నేను మాటివ్వను. కానీ ఎవరికి ముప్పు తక్కువ, ఎవరికి ఎక్కువ అనే వరస మాత్రం ఇక్కడా పనికొస్తోంది. ఒకే మనిషికి 23కి 16, 5కి సున్నా రెండూ ఎలా నిజమవుతాయో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది.

ఆ ఐదింటిలో అయోమయం సంగతి దగ్గర మన ప్రాంతంలో జాగ్రత్త కావాలి. పాలమూరులో పనిచేసినప్పుడు నేర్చుకున్నాను. రోజూ మందు కలిపిన కల్లు తాగేవాళ్లు ఆస్పత్రిలో పడగానే కల్లు ఆగిపోతుంది. అందులో కలిపే అల్ప్రాజోలం లాంటి మత్తుమందు ఒంటికి అందక రెండో రోజుకో మూడో రోజుకో వణుకు, నిద్ర లేకపోవడం, పిచ్చి మాటలు మొదలవుతాయి. రక్తం పోయి మెదడుకు అందక వచ్చిన అయోమయం వేరు, దీని వైద్యం వేరు. ఇంట్లోవాళ్లు సిగ్గుపడి కల్లు సంగతి దాస్తే మేము తప్పుదారి పడతాం. మీ నాయనకు అలవాటు ఉంటే ఇవాళే డాక్టర్‌కు చెప్పండి.

ఇప్పుడు అసలు భయం, మళ్లీ రక్తం కారడం. దీనికి జవాబు స్కోరు కన్నా ఎండోస్కోపీలో కళ్లతో చూసింది చెప్తుంది. 1974 నుంచి ఫారెస్ట్ అనే వర్గీకరణ వాడుతున్నాం. రక్తం చిమ్ముతుంటే, ఊరుతుంటే మొదటి తరగతి. మీ నాయనకు రాసింది 2ఏ, అంటే రక్తం ఆగింది కానీ నాళం మొన పైకి కనిపిస్తోంది. ఏమీ చేయకుండా వదిలేస్తే ఇలాంటివాటిలో మళ్లీ కారేది నూటికి సుమారు 43. అంటుకున్న గడ్డ ఉంటే 22, నల్ల మచ్చ మాత్రమే ఉంటే 10, అడుగు శుభ్రంగా ఉంటే 5. మీ నాయనకు క్లిప్పు పడింది కాబట్టి 43 వర్తించదు. క్లిప్పు తర్వాత చేతికి పెట్టిన పంపుతో మూడు రోజులు ఎక్కిస్తున్నది ఆమ్లాన్ని తగ్గించే మందు. కడుపులో ఆమ్లం ఉంటే రక్తం గట్టిగా గడ్డకట్టదు, కట్టిన గడ్డ కూడా కరిగిపోతుంది. హాంకాంగ్‌లో చేసి 2000లో అచ్చు వేసిన పరిశోధనలో, ఎండోస్కోపీ చికిత్స తర్వాత ఈ మందు ఎక్కించినవాళ్లలో నెల లోపల మళ్లీ కారింది 6.7 శాతం, ఎక్కించనివాళ్లలో 22.5 శాతం. మళ్లీ కారేవాటిలో ఎక్కువ భాగం మొదటి మూడు రోజుల్లోనే. 72 గంటల లెక్క అక్కడి నుంచి వచ్చింది. డాక్టర్ మాట దాటేయడం లేదు.

పుండు ఎక్కడుంది, ఎంత పెద్దది అన్నది మీరు రాయలేదు. రిపోర్టులో చూడండి. రెండు సెంటీమీటర్లు దాటిన పుండు, చిన్నపేగు మొదటి భాగం వెనక గోడ మీది పుండు, కడుపు లోపలి వంపులో పైన ఉన్న పుండు, ఇవి మొండివి. ఆ వెనకాల పెద్ద రక్తనాళాలు పోతుంటాయి.

ఈ రెండు రోజులు మీరు మంచం దగ్గర చూడాల్సింది పల్స్. విశ్రాంతిగా పడుకున్న మనిషికి 84 ఉన్నది 96, తర్వాత 110 అయితే, బీపీ ఇంకా బాగున్నా సరే సిస్టర్‌ను పిలవండి. ఎర్రటి రక్తం వాంతి అయినా, విరేచనం నలుపు నుంచి ముదురు ఎరుపుకు తిరిగినా, చెమటలు పట్టి మూత్రం తగ్గినా అంతే. నల్ల విరేచనం ఇంకో రెండు మూడు రోజులు రావడం మాత్రం మామూలే, పేగుల్లో ఉన్న పాత రక్తం బయటికి రావాలి కదా. బీపీకి మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి గోలీలు వాడేవాళ్లలో పల్స్ పెరగకుండా మోసం చేస్తుంది, ఆ సంగతి కూడా డాక్టర్‌కు తెలియాలి. మళ్లీ కారితే రెండోసారి ఎండోస్కోపీ చేస్తారు. దానికీ ఆగకపోతే తొడ దగ్గరి నాళం నుంచి గొట్టం పంపి కారే నాళాన్ని మూయడమో, ఆపరేషనో. ఆ అవకాశం ఉన్న హైదరాబాద్ ఆస్పత్రి ఏదో ఇప్పుడే డాక్టర్‌ను అడిగి పెట్టుకోండి.

నలుగురు బంధువులు రక్తం ఇవ్వడానికి వచ్చి కూర్చున్నారు, ఒక్క బాటిలే ఎక్కించారు అని కోపంగా రాశారు. ఆ డాక్టర్ సరిగ్గానే చేస్తున్నారు. స్పెయిన్‌లోని బార్సిలోనాలో చేసి 2013లో అచ్చయిన పరిశోధనలో, హిమోగ్లోబిన్ 7 కన్నా తగ్గితేనే రక్తం ఇచ్చినవాళ్లలో ఆరు వారాల తర్వాత 95 శాతం బతికి ఉన్నారు. 9 కన్నా తగ్గగానే ఇచ్చినవాళ్లలో 91 శాతం. ధారగా పోతున్నవాళ్లను అందులో చేర్చలేదు, వాళ్ల లెక్క వేరు. గుండె జబ్బు ఉన్నవాళ్లకు 8 దగ్గరే మొదలుపెడతాం. మీ బంధువుల రక్తం గ్రూపు రాసి ఉంచుకోండి, అవసరమైతే పిలవవచ్చు.

‘రాత్రికి రాత్రే హైదరాబాద్ తీసుకెళ్లి ఉంటే బాగుండేదా’ అని కూడా అడిగారు. ఈ బాధ మీకు వద్దు. ముప్పు ఎక్కువ ఉన్నవాళ్లకు ఆరు గంటల లోపల ఎండోస్కోపీ చేసినా, ఆరు నుంచి 24 గంటల మధ్య చేసినా ప్రాణాల లెక్కలో తొందరపడినవాళ్లకు లాభం కనిపించలేదని 2020లో హాంకాంగ్ పరిశోధన తేల్చింది. ముందు సెలైన్, రక్తం ఎక్కించి బీపీ నిలబెట్టడం ముఖ్యం, 24 గంటల లోపల ఎండోస్కోపీ జరగడం ముఖ్యం. కొన్నేళ్ల కింద దేవరకొండ వైపు నుంచి ఒకాయనను ఒక ఆస్పత్రి బీపీ 70 ఉండగానే, చేతికి ఒక్క సెలైన్ కూడా లేకుండా, బాడుగ కారులో మా దగ్గరికి పంపింది. దారిలోనే ప్రాణం పోయింది. ఎండోస్కోపీ దొరక్క పోలేదు, రెండు బాటిళ్ల సెలైన్ లేక పోయింది. ఆ కొడుకు ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. తరలించాల్సి వస్తే 108లో, రెండు చేతులకూ సూదులు పెట్టించి తరలించండి.

ఇంకో సంగతి బయట ఎవరూ చెప్పరు. ఇలాంటి పుండ్లతో చనిపోయేవాళ్లలో ఎక్కువమంది రక్తం పోయి చనిపోవడం లేదు. హాంకాంగ్‌లో 10,428 కేసులు చూసి 2010లో రాసిన దాని ప్రకారం చనిపోయినవాళ్లలో దాదాపు 80 శాతం గుండె, ఊపిరితిత్తులు, కిడ్నీలు, క్యాన్సర్ లాంటి వేరే కారణాలతో పోయారు. రక్తం ఆగాక న్యుమోనియా వచ్చి పోయినవాళ్లు మా వార్డులోనూ ఉన్నారు. అందుకే డాక్టర్ ఒప్పుకోగానే నాయనను లేపి కూర్చోబెట్టండి, గట్టిగా ఊపిరి పీల్చమనండి. ఛాతీలో నొప్పి, ఆయాసం అంటే గ్యాస్ అనుకోకుండా ఈసీజీ అడగండి.

లివర్ చెడి, పొట్టలో నీరు చేరి రక్తం కక్కుకునేవాళ్లకు ఇక్కడ రాసింది చాలావరకు వర్తించదు. అది ఉబ్బిన సిరల నుంచి పోయే రక్తం, మందులు, చికిత్స వేరు.

ఇక పుండు ఎందుకు వచ్చిందన్నది. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఆ వయసువాళ్లు చిన్నప్పటి నుంచి ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్లు. వాళ్ల కీళ్లు, నడుము నొప్పి నిజమైన నొప్పి. ‘గోలీలు మానేయండి’ అని చీటీ రాసి పంపితే వాళ్లు వారానికల్లా ఆర్‌ఎంపీ దగ్గర ఉంటారు. నొప్పికి ఏదో ఒకటి ఇవ్వాలి. పారాసిటమాల్ డాక్టర్ చెప్పిన డోసులో, పైన రాసే జెల్, కాపడం, మోకాలి కండరాలకు వ్యాయామం, వీటితో మొదలుపెట్టండి. తప్పనిసరైతే సెలికాక్సిబ్ అనే నొప్పి గోలీని ఆమ్లం తగ్గించే గోలీతో కలిపి, అదీ కీళ్ల డాక్టర్ చూసి ఇస్తేనే. పొట్లంలో కట్టి ఇచ్చే పేరులేని గోలీలు మాత్రం వద్దు, నేను చూసిన పొట్లాల్లో నొప్పి గోలీ పక్కన స్టెరాయిడ్ కూడా ఉండేది, రెండూ కలిస్తే పుండుకు ముప్పు బాగా పెరుగుతుంది. ‘సూది అయితే కడుపుకు ఏం కాదు’ అన్నది కూడా తప్పు. డైక్లోఫెనాక్ సూది రక్తంలో కలిసి కడుపు పొరకు ఉండే రక్షణను తగ్గిస్తుంది, నోట్లో వేసుకున్నా వేసుకోకపోయినా.

గుండె జబ్బు లేకుండానే ‘ముందు జాగ్రత్తకు’ ఆస్పిరిన్ వాడుతున్నారని రాశారు, అది ఆపేయవచ్చు, డాక్టర్‌తో ఒకమాట చెప్పి. స్టెంట్ వేసుకున్నవాళ్లు మాత్రం దీన్ని చదివి ఆపొద్దు. గుండె, మెదడు రక్తనాళాల జబ్బుకు ఆస్పిరిన్ వాడుతూ పుండు నుంచి రక్తం పోయినవాళ్లను చూస్తే, ఆపినవాళ్లలో ఎనిమిది వారాల్లో 12.9 శాతం చనిపోతే, కొనసాగించినవాళ్లలో 1.3 శాతమే చనిపోయారని 2010లో తేలింది.

హెచ్ పైలోరీ అనే క్రిమి పరీక్ష తప్పకుండా చేయించండి. రక్తం కారుతున్నప్పుడు చేసిన పరీక్షలో ‘లేదు’ అని వస్తే నమ్మడానికి లేదు, ఆమ్లం గోలీ రెండు వారాలు ఆపి, యాంటీబయాటిక్‌లు వాడి నాలుగు వారాలు దాటాక మళ్లీ చూడాలి. ఆ గోలీ ఎప్పుడు ఆపవచ్చో మాత్రం డాక్టర్ చెప్పాలి. క్రిమి ఉంటే కోర్సు మొత్తం వాడాలి, మధ్యలో ఆపితే పుండు తిరిగొస్తుంది. పుండు కడుపులోనే ఉంటే ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్లీ ఎండోస్కోపీ చేసి, మానిందా, క్యాన్సర్ ఏమైనా ఉందా చూస్తారు. చిన్నపేగులో అయితే సాధారణంగా అవసరం ఉండదు.

ఇంటికి పంపేటప్పుడు ఐరన్ గోలీలు రాస్తారు. వాటితోనూ విరేచనం నల్లగా వస్తుంది, కంగారుపడి అర్ధరాత్రి పరుగెత్తొద్దు. ఐరన్ నలుపులో కొంచెం ఆకుపచ్చ కలిసి గట్టిగా ఉంటుంది. రక్తం నలుపు తారులా జిగటగా మెరుస్తూ, గది అంతా వాసన కొడుతుంది. ఒకసారి వాసన చూసినవాళ్లు మరచిపోరు, మీకూ ఇప్పటికి తెలిసే ఉంటుంది.

ఎండోస్కోపీ రిపోర్టులో పుండు ఏ చోట ఉందో, ఎన్ని సెంటీమీటర్లో, ఇవాళ పొద్దుటి పల్స్, బీపీ ఎంతో రాయండి. రాత్రి డ్యూటీకి వెళ్లేలోపు చూసి జవాబిస్తాను.